జోంగా కొన్నాను, ముందు ఏ ఆయిల్ మార్చాలి?

ప్రశ్న (అనంతపురం):
సైన్యం వేలంలో అమ్మేసిన జోంగా జీపు చేతులు మారి మా ఇంటికి చేరింది. జబల్‌పూర్‌లో తయారైన ఆరు సిలిండర్ల పెట్రోలు బండి. ఏళ్ల తరబడి షెడ్డులో కదలకుండా ఉంది. ఇంజిన్ ఆయిల్ మారిస్తే చాలని మెకానిక్ అంటున్నారు. నిజమేనా?

జవాబు (కర్నూలు):
చాలదు సోదరా, తాళం చెవి జేబులోనే ఉంచండి. గేర్‌బాక్సు, ముందు వెనక చక్రాలకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, ఇరుసుల మధ్య ఉండే గేర్ల గుండ్లు అంటే ముందు వెనక డిఫరెన్షియళ్లు, వీటిలో నూనె కూడా చూడాలి. నూనె కారే కింది బోల్టు విప్పే ముందు, నూనె పోసే పై బోల్టు ఊడుతుందో లేదో చూసుకోండి. ఉన్నదంతా కారిపోయాక అది మొరాయిస్తే బండి ఉన్నచోటే కూలబడుతుంది. తీసిన నూనెను వేళ్ల మధ్య రుద్దండి. మజ్జిగలా తెల్లబడితే నీళ్లు చేరినట్టే. సన్నని మెరుపు పొడి మామూలే, ఇనుప పలుకులు తగిలితే మాత్రం విప్పాల్సిందే. డిఫరెన్షియల్‌కు వాడే జీఎల్-5 రకం గేర్ నూనెను గేర్‌బాక్సులోనూ పోసేస్తారు కొందరు మహానుభావులు. అందులోని గంధకం గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులను తినేయవచ్చు. అక్కడ జీఎల్-4 మేలు.

జవాబు (కడప):
బ్రేకులు మరవకండి. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీలుస్తుంది, లోపల తుప్పు పడుతుంది. రేడియేటర్‌లో ఉత్త నీళ్లు వద్దు, కూలెంట్ కలపండి. ట్యాంకులో పాత పెట్రోలు తీసేయండి.

అనంతపురం:
వెనక డిఫరెన్షియల్ పై బోల్టు కదలడం లేదు.

కర్నూలు:
తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేయండి. సరిగ్గా పట్టే స్పానరే వాడండి, బోల్టు అంచులు అరిగితే వెల్డింగు షాపుకు పోవాలి.