మండూర భస్మమా, ఇనుము మాత్రలా?

దేవరకొండ కోడలు:
నాకు హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది. ఆసుపత్రిలో ఇచ్చిన ఇనుము మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతోంది, మలబద్ధకం కూడా. మా అత్తమ్మ పునర్నవా మండూరం అనే ఆయుర్వేద మందు తెప్పించారు. మాత్రలు మానేసి అది వాడవచ్చా?

మునగచెట్టు:
నిశ్చింతగా వాడు చెల్లీ. పాండురోగానికి, అంటే రక్తం తక్కువై పాలిపోయే జబ్బుకు, చరకుడు చెప్పిన మందు అది. గలిజేరు, త్రిఫలాలు, శొంఠి, పిప్పళ్లు అన్నీ ఉంటాయి. కడుపులో తిప్పదు.

సూక్ష్మదర్శిని:
మండూరం అంటే ఇనుప చిట్టెం, ఇనుము కరిగించినప్పుడు మిగిలే మడ్డి. మాత్రలో ఉండే ఇనుము ఒంటబట్టినంత తేలికగా ఆ తుప్పు ఒంటబట్టదు. పన్నెండేళ్లుగా ల్యాబ్‌లో రక్తం పరీక్షిస్తున్నాను. కోడలమ్మా, మాత్ర మానకండి. నిమ్మరసంతో వేసుకోండి, ముందూ వెనకా గంటసేపు టీ వద్దు. పడకపోతే రోజు విడిచి రోజు వేసుకోవచ్చేమో డాక్టరును అడగండి.

మునగచెట్టు:
తుప్పు అనకండి. చిట్టేన్ని ఎర్రగా కాల్చి గోమూత్రంలో ఏడుసార్లు ఆర్పి, ఆ తర్వాత పుటం పెడతారు, అంటే మూసిన పాత్రలో ఉంచి మంటలో కాలుస్తారు. మంచి భస్మం నీళ్ల మీద తేలుతుంది.

సూక్ష్మదర్శిని:
మా వీధి దుకాణంలో కొన్న పొడిని గ్లాసు నీళ్లలో చిటికెడు వేశాను. తేలలేదు. నిమిషంలో అడుగున ఎర్రటి మడ్డి.

మునగచెట్టు:
అయితే అది కల్తీ సరుకు. దానికి శాస్త్రాన్ని తప్పుపడతారా?

నల్లరేగడి:
ఇనుప మూకుడులో గోంగూర వండుకోండి.

మర్రిగూడ:
బోరు నీళ్లు తాగుతున్నారా? ఫ్లోరైడ్ ఎక్కువైతే పేగుల లోపలి పొర దెబ్బతింటుంది. అప్పుడు ఏ ఇనుమూ సరిగ్గా ఒంటబట్టదు.

సూక్ష్మదర్శిని:
కల్తీదో అసలుదో తెలుసుకునే దారి ఆ కోడలికేముంది? పొట్లం మీద పాళ్లు రాసి ఉన్నాయా?

మునగచెట్టు:
మీకు కాగితం మీద రాసి ఉంటేనే నిజం. రెండో కాన్పు తర్వాత నా రక్తం 7కు పడిపోయింది. ఒక ఆసుపత్రిలో నా ముఖం కూడా చూడకుండా "సరిగ్గా తినడం లేదు" అని చీటీ చేతిలో పెట్టారు. నెలకు పదకొండు రోజులు గుడ్డలు తడిసిపోయేవి. ఆ మాట అడిగింది మా ఊరి వైద్యుడొక్కడే. ఆయన మందు తుప్పంటే నాకు ఎందుకు మండదు?

సూక్ష్మదర్శిని:
మా అక్క మూడేళ్లు లేహ్యాలే తిన్నది. ఆమెను కూడా ఎవరూ ఆ మాట అడగలేదు, ఆమె మాకు చెప్పలేదు. 5.1కి దిగాక రెండు సంచుల రక్తం ఎక్కించారు, అప్పుడు గర్భసంచిలో గడ్డలు బయటపడ్డాయి. నా కోపం మీ వైద్యుడి మీద కాదు. పోయే రక్తాన్ని ఆపకుండా మాత్ర వేసినా భస్మం తిన్నా ఏం నిలుస్తుంది?

మునగచెట్టు:
నేను మొదటి నుంచీ చెప్పాలనుకున్నది అదే. చెల్లీ, నీకు నెలకు ఎన్ని రోజులు?

దేవరకొండ కోడలు:
తొమ్మిది. ముద్దలు ముద్దలుగా పడుతుంది. అందరికీ అంతే అనుకున్నాను. అత్తమ్మతో కూడా అనలేదు.

సూక్ష్మదర్శిని:
ఈ వారమే స్త్రీల డాక్టరుకు చూపించండి. తొమ్మిది రోజులని, ముద్దలు పడుతున్నాయని మీరే ముందుగా చెప్పండి. స్కానింగ్ అడగండి. భస్మం పొట్లం కూడా తీసుకెళ్లి చూపండి.

మునగచెట్టు:
మాది కొండమల్లేపల్లి. తోడు ఎవరూ లేకపోతే సోమవారం పొద్దున బస్టాండ్ దగ్గర ఉంటాను.