నాన్నగారి 1984 పద్మిని: తుప్పు పని ఇంట్లోనే చేసుకోవాలా, బాడీ పని చేసే టింకర్‌కి ఇచ్చేయాలా?

గోదారి ఫియట్:
అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాన్నగారు 1984లో కొన్న ప్రీమియర్ పద్మిని (పాత ఫియట్) కారు 2006 నుంచి కొబ్బరిడొక్కల షెడ్డులో పడి ఉంది. ఉప్పుగాలి, వానాకాలం తేమ, పైన కోళ్లు. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు డ్రైవర్ సీట్లో కూర్చుని కాలు కింద పెడితే నేరుగా షెడ్డు నేలకే ఆనింది. అదీ పరిస్థితి.

మామయ్య తుక్కుకి వేసేయమంటున్నాడు. నాన్నకి 76. ఆయన ఏమీ అనడు గానీ రోజూ సాయంత్రం వెళ్లి దాని పక్కనే కుర్చీ వేసుకుంటాడు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, తమ్ముడు ఊళ్లోనే ఉంటాడు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, పానాలు పట్టుకోవడమంటే సరదా. సెలవుల్లో అందరం కలిసి మొత్తం ఇంట్లోనే చేద్దామని నా ఆలోచన, ఫ్లోర్ వెల్డింగ్‌తో సహా. పదేళ్ల క్రితం మా మారుతిని ఒక షాపుకి ఇస్తే తుప్పు మీదే లప్పం పెట్టి రంగు కొట్టి పంపారు, రెండు వానలకే బుడగలు వచ్చాయి. అందుకే ఎవరికీ ఇవ్వబుద్ధి కావడం లేదు. మీరేమంటారు?

డాలస్ బాబాయి:
నిక్షేపంగా చేసుకోండి. నేనూ మా అబ్బాయీ కలిసి 1971 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారుని ఇంటి గ్యారేజీలోనే లేపాం. మూడేళ్ల శనివారాలు పట్టింది. ఫ్లోర్ కూడా మేమే మార్చాం. మొదలుపెట్టినప్పుడు వాడికి ఫిలిప్స్ స్క్రూకీ మామూలు స్క్రూకీ తేడా తెలియదు.

ఒక్క సలహా. విప్పే ప్రతి బోల్టూ ప్లాస్టిక్ కవర్లో వేసి, ఎక్కడిదో రాసి, ఫొటో తీయండి. ఆ పని అమ్మాయికి అప్పజెప్పండి. చిన్న భాగాలకు నిమ్మ ఉప్పు నీళ్లు చాలు, రాత్రి నానబెడితే పొద్దున్నకి తుప్పు వదులుతుంది. మొండి తుప్పుకైతే నీళ్లలో చాకలి సోడా కలిపి, బ్యాటరీ ఛార్జర్ మైనస్ తుప్పు భాగానికి, ప్లస్ ఒక పాత ఇనుప రేకుకి తగిలించండి. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయట పెట్టండి. రేకు బదులు స్టీలు గిన్నె మాత్రం వద్దు, దాన్లోని క్రోమియం విషంగా మారి నీళ్లలోకి దిగుతుంది.

ఆటోనగర్ టింకర్:
బాబాయి గారూ, మీ మీద గౌరవం ఉంది గానీ బీటిల్‌తో పద్మినిని పోల్చకండి. బీటిల్‌కి బోల్టులు విప్పితే పై బాడీ లేచొస్తుంది, కింద ఫ్లోర్ పాన్ కొత్తది దొరుకుతుంది. పద్మినికి కింద విడిగా చట్రం, అంటే ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. తలుపుల కింద పొడుగ్గా పెట్టెలా ఉండే సిల్లులే బరువంతా మోస్తాయి.

మాది బెజవాడ ఆటోనగర్, మూడో తరం. మా దగ్గరికి సగం కోసి వదిలేసిన బళ్లు ఎన్ని వచ్చాయో లెక్కలేదు. జరిగేది ఒకటే. ఫ్లోర్ పోయిందని గ్రైండర్ పెడతారు, సిల్లు కూడా పొడిపొడిగా రాలుతుంది, రెండు వైపులా కోసేస్తారు. మధ్యలో జాకీ ఉంటుంది. బండి నడుము వంగుతుంది. వంగినట్టు కంటికి తెలియదు, కొత్త రేకు అతికి చల్లారాక తలుపు వేస్తే పడదు. అప్పుడు మళ్లీ అతుకులన్నీ కోయాలి.

మేమైతే ముందు తలుపు ఖాళీలకు అడ్డంగా పైపులు అతుకుతాం. ఒక వైపు పూర్తయ్యేదాకా రెండో వైపు ముట్టుకోం. ఆ రేకుకి మామూలు కడ్డీ వెల్డింగ్ పెడితే బొక్కలు పడతాయి. సీఓటూ గ్యాసు, సన్నటి తీగతో చేసే వెల్డింగ్‌తో ఇక్కడో చుక్క, అక్కడో చుక్క వేసుకుంటూ పోవాలి, ఒకే గీతగా లాగితే రేకు మెలి తిరుగుతుంది. ఇంకోటి, పెట్రోల్ ట్యాంకు ఖాళీగా ఉందని దాని దగ్గర నిప్పు పెట్టకండి. నిండు ట్యాంకు కంటే ఖాళీదే ప్రమాదం, లోపలంతా ఆవిరి ఉంటుంది.

ఇంజన్, వైరింగ్, సీట్లు మీరు చేసుకోండి. బాడీ మాత్రం ఇచ్చేయండి.

అంబాసిడర్ వారి ఇల్లాలు:
కుటుంబంతో కలిసి అని ఎంత బాగా రాశారండీ! మావారు కూడా ఇలాగే మొదలుపెట్టారు. ఆరేళ్లయింది. అంబాసిడర్ బానెట్ మా పెరట్లో బట్టలారేసే తీగ కింద ఉంది, గేరుబాక్సు మెట్ల కింద ఉంది. నా వంతు సాయం ఏమిటంటే టీలు, గ్రీజు అంటిన లుంగీలు ఉతకడం. పిల్లలు మొదటి వేసవి ఉత్సాహంగా తిరిగారు, రెండో వేసవికి సెల్‌ఫోన్లు తీశారు.

వద్దనడం లేదు. మీ నాన్నగారికి 76 అన్నారు కదా, ఆయన దాన్లో కూర్చుని కోటిపల్లి రేవుదాకా వెళ్లి రావాలంటే ఎన్నేళ్లు పడుతుందో లెక్కేసుకుని అప్పుడు గ్రైండర్ కొనండి.

రూల్స్ రంగడు:
కాగితాల సంగతి ఎవరూ అడగలేదు, నేనే చెప్తున్నాను. 15 ఏళ్లు దాటాక రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి రెన్యూ చేయించాలి, ఫిట్‌నెస్ పాసవ్వాలి. 20 ఏళ్లు దాటిన కారుకి ఆ రెన్యువల్ రుసుము 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెంచారు. 'వీఏ' అక్షరాలుండే వింటేజ్ నంబరు కోసం 2021లో రూల్స్ వచ్చాయి గానీ దానికి బండి వయసు 50 ఏళ్లు దాటాలి. మీది 1984, ఇంకా టైముంది. పైగా ఆ నంబరుతో రోజువారీ తిరగడానికి వీల్లేదు, ప్రదర్శనలకో ర్యాలీలకో మాత్రమే.

మారుతి ఇంజన్ పెట్టేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆర్టీఓ అనుమతి లేకుండా ఇంజన్ మారిస్తే ఆర్సీతో పేచీ వస్తుంది. ఆ 1089 సీసీ ఇంజనే బాగు చేయించుకోండి. బంకుల్లో ఇప్పుడొచ్చేది 20 శాతం ఇథనాల్ పెట్రోలు, అది పాత రబ్బరును తినేస్తుంది. పెట్రోలు పైపులన్నీ మార్చాల్సిందే.

డాలస్ బాబాయి:
సిల్లుల విషయంలో టింకర్ గారు చెప్పింది ఒప్పుకుంటున్నా. కానీ గోదారి గారి అసలు భయం లప్పం గురించి. దానికి మీ సమాధానం ఏమిటి? లోపల ఏం చేశారో రంగు కొట్టాక ఎవరికి కనబడుతుంది? మేం స్వయంగా చేయాలనుకునేది సరదా కోసమే కాదు సార్, నమ్మకం లేక.

ఆటోనగర్ టింకర్:
న్యాయమైన ప్రశ్న. మా వాళ్లలోనూ అలాంటివాళ్లు ఉన్నారు, దాచేదేముంది. ఫోన్లో బేరం ఆడుకుని నెల తర్వాత వస్తే లప్పమే దొరుకుతుంది. డబ్బు మూడు వాయిదాల్లో ఇవ్వండి. పాత రేకు కోసినప్పుడు ఒకసారి రండి, కొత్త రేకు అతికాక ప్రైమర్ పడకముందు ఒకసారి రండి. నల్లటి రేకు మీద అతుకులు చేత్తో తడిమి చూడండి. చూపించనన్నవాడి దగ్గర బండి పెట్టకండి. రంగు పడ్డాక అయస్కాంతం తెచ్చి సిల్లుల వెంట పోనివ్వండి, అతుక్కోని చోట లప్పం మందంగా ఉన్నట్టు.

రంగు కూడా ఇంట్లో వద్దు. హార్డెనర్ కలిపి కొట్టే టూకే రంగుల్లో ఊపిరితిత్తులను దెబ్బతీసే ఐసోసైనేట్లు ఉంటాయి, గుడ్డ మాస్కు వాటిని ఆపదు. ఇంట్లో పెద్దాయన, ఆడపిల్ల ఉన్నారు. పాత బ్రేకు లైనర్ల దుమ్ము కూడా గాలి కొట్టి ఊదకండి, ఆ రోజుల్లో వాటిలో ఊపిరితిత్తులకు ప్రమాదమైన ఆస్బెస్టాస్ ఉండేది. తడి గుడ్డతో తుడవండి.

గోదారి ఫియట్:
అందరికీ థాంక్స్. మొన్న శని, ఆదివారాలు ఊరెళ్లి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాం. ఎడమ సిల్లు పర్లేదు. కుడిది గుచ్చితే పిడికిలి పట్టేంత బొక్క, లోపల చీమల పుట్ట. అది చూశాక నా వెల్డింగ్ మోజు తగ్గింది. ఇల్లాలి గారి మాట కూడా బాగానే తగిలింది.

ఇంజన్, గేరుబాక్సు దింపి షెడ్డులోనే ఉంచుతున్నాం. ఖాళీ బాడీని లారీ మీద బెజవాడ పంపుతున్నాం, తలుపులు, డిక్కీ మూత కూడా దాంతోనే. తమ్ముడు మాత్రం నా మీద అలిగాడు, మనమే చేస్తామని చెప్పి మాట తప్పావంటున్నాడు.

నాన్న ఒక్క మాటే అన్నారు: "హ్యాండ్ గేరు బుష్ అప్పటికే అరిగింది, దాన్ని మర్చిపోకండి." (స్టీరింగ్ పక్కనుండే గేరు సంగతి.)

ఇంజన్ బిగుసుకుపోయింది. ప్లగ్గులు తీసి, నాలుగు సిలిండర్లలో డీజిల్, ఇంజన్ ఆయిల్ కలిపి పోశాం. రోజూ పొద్దున్నే నాన్న టార్చిలైటు వేసి చూస్తున్నారు, అమ్మాయి ఫోన్లో ఆయన్నడిగి లెక్క రాసుకుంటోంది. ఆరు రోజులకి మూడింట్లో నూనె దిగింది. మూడో సిలిండర్లో మాత్రం పోసింది పోసినట్టే ఉంది. స్టార్టర్ ఒకసారి కొట్టి చూద్దామని తమ్ముడు తొందరపడుతున్నాడు. ఏం చేయమంటారు?

ఆటోనగర్ టింకర్:
స్టార్టర్ జోలికి పోవద్దు, పిస్టన్ రింగులు విరుగుతాయి. ఇంకో వారం నాననివ్వండి. తర్వాత ముందు పుల్లీ నట్టుకి పొడుగు పానా వేసి, చేత్తో కొంచెం అటూ ఇటూ కదిపి చూడమనండి. కదలకపోతే ఇంజన్ పైభాగం, అంటే హెడ్ విప్పాల్సిందే. లారీ ఏ రోజు వస్తుందో ముందే చెప్పండి, చోటు ఖాళీ చేయిస్తాను.