వెయ్యి డాలర్లలో మొదటి జింక రైఫిల్: డబ్బు తుపాకీ మీదా, స్కోపు మీదా?

గోదారిగట్టు

అందరికీ నమస్కారం. టెక్సాస్ హిల్ కంట్రీలో వైట్‌టెయిల్ జింకల వేటకు బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి తూటాకూ చేత్తో బోల్టు లాగే రకం) కొనాలి. స్కోపు (గురి చూసే దుర్భిణి), దాన్ని పట్టి ఉంచే రింగులు, తూటాలు అన్నీ కలిపి 1,000 డాలర్లు దాటకూడదు. దూరం ఎంత ఎక్కువన్నా 200 గజాలు. కొందరేమో టిక్కా టీ3ఎక్స్ కొనేస్తే ఇక మళ్ళీ తుపాకీ వైపు చూడక్కర్లేదంటున్నారు. మరికొందరు సావేజ్ యాక్సిస్ 2 గానీ రూగర్ అమెరికన్ గానీ తీసుకుని, మిగిలిన డబ్బు స్కోపు మీద పెట్టమంటున్నారు. నవంబరు మొదటి శనివారం సీజను మొదలవుతుంది. ఎవరి మాట వినమంటారు? కాలిబర్ (తూటా సైజు) .308 అనుకుంటున్నాను, దాని సంగతి కూడా చెప్పండి.

నల్లరేగడి

ముందు కాగితం మీద లెక్క వేయండి. టిక్కా టీ3ఎక్స్ లైట్ దాదాపు 800. మిగిలిన 200లో రింగులకు 40 పోతే స్కోపుకు 160. తూటాలకు పైసా మిగలదు. అదే రూగర్ అమెరికన్ మొదటి తరం అయితే దాదాపు 450, ల్యూపోల్డ్ వీఎక్స్-ఫ్రీడమ్ 3-9x40 స్కోపు (మూడు నుంచి తొమ్మిది రెట్లు పెద్దగా చూపేది) ఓ 300, రింగులు 40. ఇంకా 210 చేతిలో ఉంటుంది. 20 తూటాల డబ్బా 30 డాలర్లనుకుంటే ఏడు డబ్బాలు, అంటే 140 తూటాలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు గురి కుదిరేది ఆ 140 తూటాలతోనే.

ఇక కచ్చితత్వం. వైట్‌టెయిల్ గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు 8 అంగుళాల వెడల్పు. చవక రైఫిల్ 1.5 ఎంఓఏ (100 గజాల దగ్గర తూటాలు సుమారు అంగుళం మేర చెదిరితే ఒక ఎంఓఏ) వేసిందనుకోండి, 200 గజాల దగ్గర అది 3 అంగుళాలు. టిక్కా 1 ఎంఓఏకి హామీ ఇస్తుంది, అంటే 2 అంగుళాలు. ఎనిమిది అంగుళాల గురిలో ఆ ఒక్క అంగుళం కోసం 350 డాలర్లు ఎందుకు? పైగా టెక్సాస్‌లో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి అస్తమయం తర్వాత అరగంట వరకు వేటాడొచ్చు. జింక బయటికొచ్చేది ఆ మసక వెలుతురులోనే. అప్పుడు బూడిదరంగు పొదలోంచి జింక మెడను విడదీసి చూపించాల్సింది స్కోపు అద్దం. ఆ పని బ్యారెల్ చేయలేదు.

తంగేడు

నల్లరేగడి గారూ, లెక్క బాగానే ఉంది. కానీ మీరు లెక్కలోకి తీసుకోనిది ఒకటుంది. స్కోపును వచ్చే ఏడాది మార్చుకోవచ్చు. స్టాకు (బ్యారెల్‌ని మోస్తూ భుజానికి ఆనే పిడి), బోల్టు, ట్రిగ్గర్ మాత్రం మొదట ఏవి కొంటే అవే. టిక్కా ట్రిగ్గర్ 2 నుంచి 4 పౌండ్ల మధ్య సర్దుకోవచ్చు, జారుడు లేకుండా పుల్లలా విరుగుతుంది. బోల్టు రెండు వేళ్ళతో జారిపోతుంది. చవక రైఫిళ్ళలో ఆరేడు పౌండ్ల ట్రిగ్గర్‌ని లాగేసరికి గురి పక్కకు పోతుంది. అది తుపాకీ తప్పని కొత్తవాళ్ళకు తెలియదు, తమ చెయ్యే బాగాలేదనుకుంటారు. ఇంకోటి, 160 డాలర్ల స్కోపులు ఈ రోజుల్లో అంత అధ్వానంగా ఏమీ లేవు. వోర్టెక్స్ క్రాస్‌ఫైర్ 2 లాంటివి 150 గజాల్లో మసక వెలుతురుకీ తట్టుకుంటాయి.

బీడుభూమి

ట్రిగ్గర్ మాట నిజమే, కానీ చవక రైఫిళ్ళన్నీ ఒకటి కావు. మామూలు యాక్సిస్‌లో ట్రిగ్గర్ బరువుగా ఉంటుంది, సర్దుకునే వీలు లేదు. దాన్ని కొనొద్దు. యాక్సిస్ 2లో ఆక్యుట్రిగ్గర్ ఉంటుంది, మధ్యలో సన్నటి పలక ఉండేది. అది తేలిగ్గా సర్దుకుంటుంది, ధరలో తేడా కొంచెమే. రూగర్ అమెరికన్‌లోది 3 నుంచి 5 పౌండ్ల మధ్య సర్దుకోవచ్చు, దానికి యాక్షన్‌ను (బోల్టు, ట్రిగ్గర్ ఉండే లోహపు భాగాన్ని) స్టాకులోంచి బయటికి తీయాలి. దయచేసి ఎవరూ స్ప్రింగు కత్తిరించి తేలిక చేయొద్దు. ట్రిగ్గర్ సర్దిన ప్రతిసారీ తుపాకీ ఖాళీగా ఉందని కళ్ళతో, వేలితో చూసుకుని, బోల్టు మూసి, సేఫ్టీ తీసి, తుపాకీ మడమను రబ్బరు చాప మీద గట్టిగా తట్టండి. దానంతటదే టక్కుమని పడిందా, ఆ సర్దుబాటు పనికిరాదు.

చవక రైఫిళ్ళ అసలు లోపం ప్లాస్టిక్ స్టాకు. పరీక్ష సులువు. ఒక డాలరు నోటును బ్యారెల్‌కీ స్టాకుకీ మధ్య ముందు నుంచి దూర్చి, చాంబరు దాకా లాగండి. ఎక్కడా పట్టకపోతే సంతోషం. ఇప్పుడు ముందు కొసను బల్ల మీద ఆనించి, పైనుంచి చేత్తో నొక్కి మళ్ళీ లాగండి. నోటు బిగుసుకుందంటే స్టాకు వంగి బ్యారెల్‌ని తాకుతోందని అర్థం. అలాంటిదానికి బైపాడ్ (ముందు ఆనించే రెండు కాళ్ళ ఊత) తగిలిస్తే ఒక్కో తూటా ఒక్కో చోట పడుతుంది. దానికి కొత్త స్టాకు కొననక్కర్లేదు. బైపాడ్ తీసేసి, ఇసుక సంచిని కొస కింద కాకుండా మ్యాగజైను దగ్గరగా పెట్టండి, గ్రూపు (కాగితం మీద చిల్లుల గుంపు) మళ్ళీ దగ్గరికొస్తుంది.

నల్లరేగడి

నేను చెప్పేదీ అదే. లోపం ఎక్కడుందో తెలిస్తే డబ్బు లేకుండానే సర్దుకోవచ్చు.

తంగేడు

సర్దుకోవచ్చు, కానీ నవంబరుకు ముందు ఇవన్నీ నేర్చుకోవాల్సింది ప్రశ్న అడిగిన కొత్తవాళ్ళు. అదీగాక 1.5 ఎంఓఏ అని తేలిగ్గా అనేస్తున్నాం. చవక రైఫిల్‌తో ముప్పావు అంగుళం గ్రూపు అంటూ ఫొటోలు పెట్టేవాళ్ళు మూడు తూటాలే పేలుస్తారు, అందులోనూ బాగా వచ్చినదాన్నే చూపిస్తారు. అదే రైఫిల్‌తో అదే గురి మీద పది పేల్చి చూడండి, గ్రూపు పెద్దదవుతుంది. టిక్కాకీ పెద్దదవుతుంది, ఒప్పుకుంటాను. ఏ రైఫిల్ గురించైనా పది తూటాల గ్రూపు చూసే మాట్లాడుకోవాలి.

మోదుగపువ్వు

మీ ఇద్దరి మధ్యకి మూడో దారి: సెకండ్ హ్యాండ్. 500 డాలర్లలో పాత సావేజ్ 110, వెదర్‌బీ వాన్‌గార్డ్ దొరుకుతాయి. వాన్‌గార్డ్ జపాన్ హోవా తయారీ, బరువు ఎక్కువే గానీ స్టాకు, యాక్షన్ రెండూ గట్టివి. బ్యారెల్ మూతి అంచు మీద గీత గానీ సొట్ట గానీ ఉంటే వదిలేయండి. బోల్టు తీసి, వెనక నుంచి వెలుతురు వేసి లోపల తుప్పు మచ్చలు చూడండి. రెమింగ్టన్ 700 అయితే ఒక జాగ్రత్త: 2006 మే 1 నుంచి 2014 ఏప్రిల్ 9 మధ్య తయారైన, ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్ ఉన్న వాటిని కంపెనీయే 2014లో వెనక్కి పిలిచింది. ట్రిగ్గర్ మార్చినట్టు రుజువు లేకపోతే తీసుకోవద్దు.

చెరువుకట్ట

కాలిబర్ గురించి. 200 గజాల లోపు హిల్ కంట్రీ జింకలకు .243 చాలు, అక్కడి జింకలు ఒడ్డూ పొడుగూ తక్కువ. దాని తన్ను .308లో దాదాపు సగమే. తేలిక రైఫిల్‌లో .308 భుజాన్ని గట్టిగానే గుద్దుతుంది, రెండు డబ్బాలు అయ్యేసరికి కళ్ళు మూసుకుని ట్రిగ్గర్ లాగే అలవాటు పడుతుంది. అడవి పందులు కూడా కొట్టాలంటే .308 గానీ 7ఎంఎం-08 గానీ మేలు, భుజం మీది గట్టి పొరను దాటాలి కదా. 6.5 క్రీడ్‌మోర్ మధ్యలో ఉంటుంది. తూటాలు ఊళ్ళో ఏ కొట్లోనైనా దొరకాలంటే మాత్రం .308.

ఇది చదివే వేరే రాష్ట్రాల వాళ్ళకో మాట. ఒహాయోలో జింకకు .308, .243 రెండూ కుదరవు, అక్కడ రైఫిల్లో, మెడ దగ్గర సన్నబడకుండా నిటారుగా ఉండే కేసున్న .357 నుంచి .50 కాలిబర్ తూటాలే అనుమతి. అక్కడివాళ్ళు .350 లెజెండ్ లేదా .450 బుష్‌మాస్టర్‌లో చూసుకోవాలి. న్యూజెర్సీలో జింకకు ఇలాంటి రైఫిలే పనికిరాదు. షాట్‌గన్, మజిల్‌లోడర్ (మూతి నుంచి మందు కూరే తుపాకీ), విల్లు, అంతే.

బీడుభూమి

ఎవరూ అడగలేదు గానీ మనవాళ్ళలో చాలామందికి ఇది అన్నిటికంటే ముఖ్యం. హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళకు తుపాకీ దగ్గర పెట్టుకోవడాన్నే ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. మినహాయింపుల్లో మనకు పనికొచ్చేది చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు ఈ నిషేధం వర్తించదు. టెక్సాస్ లైసెన్సు ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబరు 1న కొత్తది లేకపోతే బీరువాలో ఉన్న రైఫిలే నేరమవుతుంది. కొత్త ఏడాది లైసెన్సులు ఆగస్టు మధ్యలోనే అమ్మకానికొస్తాయి, అప్పుడే తీసేసుకోండి. ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో అడవి పందిని కొట్టడానికి టెక్సాస్ 2019 నుంచి లైసెన్సు అడగడం లేదు. అది చూసి వీసా మీద ఉన్నవాళ్ళు మోసపోవద్దు. పందికి లైసెన్సు అక్కర్లేకపోయినా, తుపాకీ పట్టుకోవడానికి మీకు కావాలి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేయాలి.

గోదారిగట్టు

అందరికీ కృతజ్ఞతలు. గ్రీన్‌కార్డు ఉంది, కోర్సు అయిపోయింది. పందులూ కొట్టాలని ఉంది కాబట్టి రూగర్ అమెరికన్ .308 వైపు మొగ్గుతున్నాను. తంగేడు గారూ, ఏమీ అనుకోకండి. స్కోపు ఇంట్లోనే బిగించుకోవచ్చా?

తంగేడు

అనుకోవడానికేముంది అండీ, తుపాకీ మీది. నా అభిప్రాయం మాత్రం మారలేదు. బిగించుకోవచ్చు గానీ ఇంచ్-పౌండ్ల టార్క్ రెంచి (స్క్రూ ఎంత బిగిసిందో కొలిచే పానా) లేకుండా వద్దు. ఒక డబ్బా తూటాలు తగ్గించుకునైనా అది కొనండి.

బీడుభూమి

క్రమం ఇది. బోల్టు తీసి పక్కన పెట్టండి. రైలు (రింగులు కూర్చునే పట్టీ) ఫ్యాక్టరీలోనే బిగించి వచ్చినా నమ్మకుండా విప్పండి, ఆ స్క్రూలు చాలాసార్లు నూనెతోనే ఉంటాయి. రంధ్రాల్ని, స్క్రూల్ని స్పిరిట్‌తో తుడిచి, నీలం రంగు లాక్‌టైట్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేసి, మాన్యువల్లో ఇచ్చిన టార్క్‌కి బిగించండి. అన్నిటికంటే ముందున్న స్క్రూ పొడవైతే కింద బ్యారెల్ మరలకు తగిలి ఆగిపోతుంది. అప్పుడు రైలు బిగిసినట్టే అనిపిస్తుంది, బిగిసి ఉండదు. అందుకే జిగురు వేయకముందే ఆ ఒక్క స్క్రూ మాత్రమే బిగించి రైలును కదిపి చూడండి.

స్కోపును 9x మీద పెట్టి, కళ్ళు మూసుకుని తుపాకీ భుజానికి ఆనించి, కళ్ళు తెరవండి. అంచున నల్ల నీడ లేకుండా నిండుగా కనిపించే వరకు స్కోపును ముందుకూ వెనక్కూ జరపండి. కంటికి మరీ దగ్గరైతే .308 తన్నుకు కనుబొమ్మ చిట్లుతుంది. రింగు పైస్క్రూలను ఒకదాని తర్వాత ఎదురుగా ఉన్నదాన్ని, కొద్దికొద్దిగా 15 నుంచి 18 ఇంచ్-పౌండ్ల దాకా. రెండు పక్కలా సందు సమానంగా ఉండాలి. వీటికి లాక్‌టైట్ వద్దు, అది నూనెలా జారి మీకు తెలియకుండానే ఎక్కువ బిగిసి స్కోపు గొట్టం నొక్కుకుపోతుంది.

మొదట 25 గజాలు. బోల్టు లేకుండా బ్యారెల్ లోంచి గురి చూసి, స్కోపును దానికి సరిపెట్టండి. తర్వాత ఒక్క తూటా. పావు ఎంఓఏ క్లిక్కులతో ఆ దూరంలో అంగుళానికి 16 క్లిక్కులు, 100 గజాల్లో 4. 150 గ్రెయిన్ (గుండు బరువు) .308ని 100 గజాల్లో రెండంగుళాల లోపు, కొంచెం పైకి పడేలా పెడితే 200 దగ్గర నడిమికే వస్తుంది. మూడు వేర్వేరు రకాల తూటాలు ఒక్కో డబ్బా కొని, రైఫిల్‌కి ఏది నచ్చుతుందో చూసి మిగతా డబ్బాలు అదే కొనండి.

సన్న బ్యారెల్ మూడు తూటాలకే వేడెక్కి పక్కకు జరుగుతుంది, బోల్టు తెరిచి పది నిమిషాలు ఆపండి. రేంజికి వెళ్ళిన ప్రతిసారీ చల్లటి బ్యారెల్‌తో వేసే మొదటి తూటాకు వేరే కాగితం ఉంచి, దాని మీదే తేదీ రాయండి. అయిదారు సార్లయ్యాక ఆ కాగితం మీదున్న అయిదారు చిల్లులే మీ అసలు గ్రూపు. జింక మీదికి వెళ్ళేది ఆ మొదటి తూటాయే.