‘సెయింట్ నికొలస్ రాక’ పద్యానికి తెలుగులో ఏ ఛందస్సు? శాంటాక్లాజ్‌లో ‘శాంటా’ ఎవరు?

ప్రశ్న: 1823 నాటి ఇంగ్లిష్ క్రిస్మస్ పద్యాన్ని తెలుగు పద్యంగా చెయ్యాలంటే ఆటవెలది నప్పుతుందా? ఇంకోటి, శాంటా మరియాలోని ‘శాంటా’, క్రిస్మస్ తాత ‘శాంటా’ ఒకటేనా?

జవాబు: ఆటవెలది వద్దండీ, ఆ పరుగు రాదు. మూలం నడక రెండు తేలిక అక్షరాలు, నొక్కి పలికేది (ఊనిక) ఒకటి, పాదానికి నాలుగుసార్లు. మన లెక్కలో అది స గణం (రెండు లఘువులు, ఒక గురువు). నాలుగు స గణాలంటే తోటక వృత్తమే. “కమలాకుచ చూచుక కుంకుమతో” అని రోజూ పొద్దున్నే వింటున్న నడక. వాళ్లది ఊనిక, మనది మాత్ర (పలికే కాలం); తేడా అంతే.

పాదానికి 12 అక్షరాలు; యతి, అంటే మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సింది, 9వ అక్షరం. మొదటి పాదం ఇలా పెట్టొచ్చు:

అది క్రిస్మసు ముందటి యామినిలో

అ–యా యతి కుదిరింది. ‘క్రిస్మస్’ అని పొల్లుతో రాస్తే రెండు గురువులు పక్కపక్కన పడి తోటకం చెడుతుంది. ఉకారం చేర్చి ‘క్రిస్మసు’ అనాలి. ‘శాంటాక్లాజ్’ ఎలా తిప్పినా ఇమడదు, ‘నికొలాసు’ హాయిగా ఇముడుతుంది. ‘ఎలుక’ మూడు లఘువులు, కుదరదు. ‘ఎలుకైనను’ కుదురుతుంది, మూలంలో ఉన్నదీ ఆ మాటే. దాన్ని పాదం మొదట మాత్రం పెట్టకండి, ద-ప్రాస (ప్రతి పాదంలో రెండో అక్షరం ‘ద’ హల్లు కావాలన్నది) పోతుంది. 4వ అక్షరం నుంచి మొదలెడితే ప్రాసకీ యతికీ అడ్డుండదు.

సందేహం: ‘క్రి’ ముందున్న ‘ది’ గురువు కాదా?

జవాబు: కాదు. ‘అది’ విడి పదం. సమాసమైతేనే ఆ బాధ.

అసలు తమాషా నికొలాసు బండి లాగే రెయిన్‌డీర్ జింకల దగ్గరుంది. ఎనిమిది పేర్లకూ ఉకారం తగిలిస్తే డాషరు, డాన్సరు, ప్రాన్సరు, విక్సెను, కామెటు, క్యూపిడు, డోండరు, బ్లిట్జెను... అన్నీ భ గణాలే (ఒక గురువు, రెండు లఘువులు)! ముందు రెండు లఘువులు, చివర ఒక గురువు పెడితే పాదానికి మూడు పేర్లు పడతాయి, యతి మూడో పేరు మొదటి అక్షరం మీద పడుతుంది:

పద డాషరు! డాన్సరు! ప్రాన్సరు! రా!

ప–ప్రా యతి, ద-ప్రాస రెండూ నిలిచాయి.

ఇంకొకరు: చివరి రెండు పేర్లు మొదటి ముద్రణలో డండర్, బ్లిక్సెమ్. డచ్చిలో ఉరుము, మెరుపు. 1844లో ఈ పద్యానికి కవిగా పేరున్న క్లెమెంట్ మూర్ తన సంపుటిలో వేసుకునేనాటికి డోండర్, బ్లిట్జెన్ అయ్యాయి. 1823 డిసెంబర్ 23న న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ సెంటినెల్ పత్రికలో వచ్చినప్పుడు కవి పేరే లేదు. హెన్రీ లివింగ్‌స్టన్ రాశాడని ఆయన వారసుల వాదన.

రెండో ప్రశ్నకి: కాదండీ. శాంటా మరియాలోది ‘పవిత్రురాలు’ అనే స్త్రీలింగ పదం. క్రిస్మస్ తాత ‘శాంటాక్లాజ్’ మాత్రం డచ్చి ‘సింటర్‌క్లాస్’ అమెరికా నోళ్లలో నలిగిన రూపం. సింట్ అంటే సెయింటు, క్లాస్ అంటే నికొలాస్‌కి ముద్దుపేరు. ఈ పద్యంలో ‘శాంటాక్లాజ్’ అన్న మాట ఒక్కచోటా లేదు; సెయింట్ నికొలస్, సెయింట్ నిక్ అనే ఉంటుంది. కాబట్టి అనువాదంలో అది ఇమడకపోయినా నష్టమేమీ లేదు.

ఆ నికొలాసు నాలుగో శతాబ్దపు మైరా బిషప్పు. ఆ ఊరు ఇప్పుడు తుర్కియేలోని దెమ్రె. పండుగ డిసెంబర్ 6. కట్నం ఇచ్చుకోలేని తండ్రి ముగ్గురు కూతుళ్ల కోసం రాత్రిపూట బంగారం మూటలు ఇంట్లోకి విసిరాడని కథ. బాగా వినిపించే రూపంలో అవి పడింది కిటికీలోంచి. పద్యంలో వచ్చేవాడు పొగగొట్టంలోంచి దిగే బొద్దు మరుగుజ్జు; చేతికర్రా లేదు, బిషప్పు టోపీ లేదు, నోట్లో చుట్టగొట్టం. ‘తాత’ అనడానికి నాకైతే అభ్యంతరం లేదు, ముసలివాడనే ఉంది. కానీ బండీ చిన్నదే, జింకలూ బుల్లివే. నిలువెత్తు తాతని అందులో కూర్చోబెట్టకండి.