ఐదు నెలల పాపతో పరిషత్తు నాటకాలకు తిరగడం: మీలో ఎవరైనా చేశారా?

పాప వాళ్ళమ్మ, గుంటూరు

అందరికీ నమస్కారం. మేమిద్దరం నాటకాల వాళ్లమే. నేను నటిస్తాను, మా ఆయన అదే టీములో లైటింగ్ చేస్తారు. ఎనిమిదేళ్లుగా పరిషత్తులకు, అంటే ఊరూరా జరిగే నాటక పోటీలకు వెళ్తున్నాం, మాకు పరిచయమైందీ అక్కడే. ఇప్పుడు పాపకు ఐదు నెలలు. మూడో నెల దాకా అమ్మ వాళ్లింట్లో ఉన్నాను. అప్పుడే డైరెక్టర్ గారు ఫోన్ చేసి, నాటిక మళ్లీ మొదలుపెడుతున్నాం, నీ పాత్ర ఇంకెవరికీ ఇవ్వలేదమ్మా అన్నారు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. వస్తానని చెప్పేశాను.

మాది గంటసేపు నాటిక. ఆ గంటలో నేను దాదాపు అన్ని సీన్లలో ఉంటాను, ఆయన లైట్ బోర్డు దగ్గర నుంచి కదలడానికి లేదు. మిగతా ఇరవై మూడు గంటలు ఎలాగోలా మేమే చూసుకుంటాం. ఆ ఒక్క గంటే మా సమస్య.

ఇప్పటికి నాలుగు ఊళ్లు అయ్యాయి. మొదటి మూడూ బాగానే గడిచాయి, ఎవరో ఒకరు ఎత్తుకున్నారు. నాలుగో ఊళ్లో మాది మూడో ప్రదర్శన. తొమ్మిదిన్నరకు అన్నది పదకొండున్నర దాటాక తెర లేచింది. పాపను చూస్తానన్న తమ్ముడికి మధ్యలో ఎంట్రీ ఉంది. వాడు మేకప్ చేసే ఆయనకి ఇచ్చాడు, ఆయన ఇంకెవరికో ఇచ్చి టీకి వెళ్లాడట. నేను స్టేజీ మీద కొడుకు కోసం ఎదురుచూస్తున్న తల్లిని. అప్పుడు వింగ్‌లోంచి పాప ఏడుపు వినిపించింది. ఆకలి ఏడుపు కాదు, భయపడినప్పటి ఏడుపు, నాకు తేడా తెలుసు. డైలాగ్ మర్చిపోయాను. ఎదుటి ఆర్టిస్టు అందుకోబట్టి సీను నిలబడింది. ఏడుపు వినగానే పాలు వచ్చేసి రవిక తడిసిపోయింది, కొంగు నిండుగా కప్పుకుని మిగతాది చేశాను. తెర పడగానే పరిగెత్తి చూస్తే పాప ఎవరో కుర్ర వాలంటీరు చేతిలో ఉంది. ఆ అబ్బాయి పేరు కూడా మా టీములో ఎవరికీ తెలీదు. పాపం, జాగ్రత్తగానే ఎత్తుకున్నాడు. కానీ ఆ రాత్రంతా నాకు కాళ్లు వణుకుతూనే ఉన్నాయి.

అత్తయ్య ఈ ఏడాదికి మానెయ్యమ్మా అంటున్నారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, మాతో తిరగలేరు. మా ఆయన నీ ఇష్టం అంటారు. ఆయన మంచితనంతోనే అంటారు గానీ ఆ మాటతో బరువంతా మళ్లీ నా మీదే పడుతుంది. మే నెలలోపు ఇంకా తొమ్మిది ఊళ్లు ఒప్పుకున్నారు. నాటకం మానాలని లేదు, పాపను వదిలి వెళ్లాలనీ లేదు. చేసినవాళ్లు ఉంటే ఎలా చేశారో చెప్పండి.


సురభి మనవరాలు, శేరిలింగంపల్లి

చెల్లీ, నీ పోస్టు మా అమ్మకు చదివి వినిపించాను. అమ్మకు డెబ్భై రెండు. మా అమ్మమ్మది సురభి నాటకాల కుటుంబం, అమ్మ పుట్టింది కూడా వాళ్లు నాటకాలాడే క్యాంపులోనే. నువ్వు రాసిందంతా విని అమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా, "వాళ్ల టీములో ఎంతమంది?" అని.

అసలు విషయం అక్కడే ఉంది. సురభి వాళ్లు పిల్లల్ని తెర వెనక ఉయ్యాలలో వేసి నాటకాలాడేవారు కదా, నీకేం కష్టం అని చాలామంది నీతో అంటారు. ఆ మాట పట్టించుకోకు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి ఆధ్వర్యంలో కీచకవధ ఆడినప్పటి నుంచి అది కుటుంబాల నాటకం. బయట చాలా చోట్ల ఆడవేషాలు మగవాళ్లే కట్టే కాలంలో ఇక్కడ ఇంటి ఆడవాళ్లే స్టేజీ ఎక్కారు. అంటే బాలింతలూ పాలిచ్చే తల్లులూ మొదటి నుంచీ స్టేజీ మీద ఉన్నారు, వాళ్లకు తగ్గట్టే మిగతాదంతా అమరింది. ఒక ఊళ్లో షెడ్డు వేస్తే నెలల తరబడి అక్కడే. స్టేజీ వెనకే కాపురం, అక్కడే పొయ్యి, అక్కడే నీళ్లు, అక్కడే పిల్లలకు లాల. రోజూ బిడ్డ పడుకునే చోటు మారేది కాదు. ముప్పై నలభై మంది మనుషులు, అందరూ అత్తలో పిన్నులో బాబాయిలో. చూసి చూసి ఎవరి పాత్ర అయినా ఇంకొకరికి నోటికి వచ్చేది, అమ్మకు జ్వరం వస్తే పిన్ని వేషం కట్టేది.

మీదేమో ఏడెనిమిది మంది టీము, రాత్రికొక ఊరు, వ్యానులో ప్రయాణం. ఆ రోజుల్లో కుదిరింది కదా అని నువ్వు నిన్ను తప్పుపట్టుకోకూడదు. అక్కడి నుంచి నువ్వు తెచ్చుకోగలిగేది ఒకటుంది. అమ్మ చెప్పింది, "బిడ్డను ఎవరో ఒకరు చూస్తారు అని మేం ఎప్పుడూ అనుకోలేదు, ఏ సీన్లో ఎవరు చూడాలో తెలిసేది" అని. మాయాబజార్ ఆడేటప్పుడు శశిరేఖ స్టేజీ మీద ఉంటే బిడ్డ ఫలానా ఆమె దగ్గర, ఆమెకు ప్రవేశం వచ్చే ముందు ఇంకో ఫలానా ఆమె వచ్చి తీసుకోవాలి. కిరీటం ఎవరు అందించాలో ఎంత కచ్చితమో ఇదీ అంతే కచ్చితం. పొగ, మంట ట్రిక్కులు ఉన్న సీన్లకు పసిపిల్లల్ని గుడారం అవతలికి తీసుకెళ్లిపోయేవారట.

నాలుగో ఊళ్లో పాప నాలుగు చేతులు మారింది. ఏ ఒక్కరూ తప్పు మనిషి కాదు, కానీ ఏ ఒక్కరికీ అది తన పని అని చెప్పలేదు. కాబట్టి ఆ గంటకి ఒకే మనిషి ఉండాలి. ఆ మనిషికి ఎంట్రీ ఉండకూడదు, ఇంకే పనీ ఉండకూడదు.

ఇంకో మాట. పాపను నాటికలోనే పెట్టేద్దాం, స్టేజీ మీదే ఉంటుంది కదా అని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకు. సురభి పిల్లలు బాలకృష్ణుడు, లోహితాస్యుడు వేసింది నిజమే, కానీ వాళ్లకి ఆ స్టేజీ ఇల్లు. నీ పాపకు ప్రతి ఊళ్లో అది కొత్త చోటు, కళ్లలోకి లైట్లు, చుట్టూ మైకులు.


ఒంగోలు నర్సు

నేను పిల్లల వార్డులో పదమూడేళ్లుగా చేస్తున్నాను. నాటకాల గురించి నాకు తెలీదు, పాప గురించి చెప్తాను.

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే. మార్చి, ఏప్రిల్ ఎండల్లో ప్రయాణం కదా అని మంచినీళ్లు పట్టమనేవాళ్లు ఉంటారు, వద్దు. ఎండగా ఉంటే ఇంకాస్త ఎక్కువసార్లు పాలివ్వండి, మీరు మాత్రం నీళ్లు బాగా తాగండి. మేకప్ మొదలయ్యే ముందు కడుపు నిండా ఇచ్చినా ప్రదర్శన రెండు గంటలు ఆలస్యమైతే మళ్లీ ఆకలేస్తుంది. అందుకని పిండిన పాలు ఉంచుకోండి. మామూలు గది వేడిలో నాలుగు గంటలు అంటారు గానీ అది 25 డిగ్రీల లెక్క, మన ఎండాకాలం గ్రీన్ రూముల్లో అంతసేపు నమ్మకండి. ఐస్ ప్యాకులు పెట్టిన ఐస్ బాక్సులో అయితే 24 గంటల దాకా ఉంటాయి. తాగించే ముందు గిన్నెను వేడినీళ్లలో ఉంచితే చాలు, స్టవ్ మీద కాచకూడదు. పాప తాగగా మిగిలినవి దాచకండి. ప్రయాణంలో సీసా పీకలు కడిగి మరగబెట్టడం కష్టం, ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో పట్టడం ఇంట్లోనే అలవాటు చేయండి. మీ చేత్తో కాకుండా ఆ గంట చూసే మనిషి చేత్తో అలవాటు చేస్తే ఇంకా మంచిది. పాల వాసన మీ దగ్గర ఉంటే చాలామంది పిల్లలు గిన్నె ముట్టరు.

సౌండ్ బాక్సుల పక్కన పాపను ఉంచనే కూడదు. పెద్దవాళ్లం అలవాటుపడిపోయి గమనించం. స్టేజీ మీది మాటలు లీలగా వినిపించేంత దూరం ఉండాలి. దోమలకు గొడుగు వల వాడండి, గదిలో కాయిల్ వెలిగించకండి. మేకప్ కడుక్కున్నాకే ముద్దులు, గ్లిజరిన్ ముట్టుకున్న చేత్తో పాప కళ్లు తుడవకండి.

టీకాల కార్డు సంచిలో ఉంచుకోండి. 14 వారాలవి అయిపోయి ఉంటే తర్వాతది 9 నెలలకు తట్టు, రుబెల్లా టీకా. ఆ రోజు మీరు వేరే ఊళ్లో ఉన్నా కార్డు చూపిస్తే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో వేస్తారు.

చివరిగా, అర్ధరాత్రి ప్రదర్శన ముగించుకుని రెండింటికి వ్యానెక్కి తెల్లారేసరికి ఇంటికి రావడం, అది మానేయండి. డ్రైవరు కునుకు తీస్తే ఏమవుతుందో మా వార్డులో చాలా చూశాను. పాపను ముందు సీట్లో ఒళ్లో పెట్టుకుని ఎప్పుడూ కూర్చోకండి.


విజయనగరం శ్రీను

ఏమీ అనుకోకండమ్మా. నాటకం ఎక్కడికీ పోదు. పిల్లకి ఏడాది నిండే దాకా ఆగొచ్చు కదా, ఇంత టెన్షన్ ఎందుకు పడటం? మా అక్కయ్య కూడా బుర్రకథ బృందంలో ఉండేది, బాబు పుట్టాక రెండేళ్లు మానేసింది.


సురభి మనవరాలు

శ్రీను గారూ, మీ అక్కయ్య రెండేళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టారా? ఆ సంగతి కూడా రాస్తే ఈ చెల్లికి ఉపయోగపడుతుంది.


విజయనగరం శ్రీను

లేదండీ. తర్వాత ఎవరూ పిలవలేదు. మీరు అడిగేదాకా నేను అలా ఆలోచించలేదు.


గూడెం డైరెక్టర్

శ్రీను గారు రాసిన చివరి మాట చూసి నేనూ రాయాలనిపించింది. పిలవని వాళ్లలో నేనూ ఉన్నాను. పదిహేనేళ్ల క్రితం మా సమాజంలో ఒక అమ్మాయి ఉండేది, ఆమె గొంతు, ఆమె నిలబడే తీరు నాకు ఇప్పటికీ గుర్తే. ఆమె కాన్పుకి వెళ్లిన వారానికే ఆమె పాత్ర ఇంకొకరికి ఇచ్చాను. ఆరు నెలల తర్వాత ఫోన్ చేసింది, చూద్దాంలేమ్మా అన్నాను. ఆ తర్వాత ఆమె ఏ స్టేజీ మీదా కనిపించలేదు. మీ డైరెక్టర్ గారు పాత్ర ఆపి ఉంచారంటే ఆయనకి నా నమస్కారం.

మూడేళ్ల క్రితం మా టీములో ఇంకో అమ్మాయికి బాబు పుట్టాడు. ఈసారి నేను చేసింది చెప్తాను. ప్రతి నాటికకు మేం ప్రాపర్టీ లిస్టు రాసుకుంటాం కదా, మంచం, లాంతరు, ఉత్తరం, మందుసీసా, ఒక్కోదానికి ఎదురుగా బాధ్యుల పేరు. ఆ లిస్టులో అన్నిటికంటే పైన "బాబు" అని రాసి, ఎదురుగా ఒకరి పేరు రాశాను. మా హార్మోనిస్టు గారి భార్య. నాటికలో ఆవిడకి వేరే పనేమీ లేదు, ఆవిడని బాబు కోసమే తీసుకెళ్లేవాళ్లం. వ్యానులో సీటు, భోజనం, ప్రదర్శనకు 500 రూపాయలు, అన్నీ టీము ఖర్చులోనే. అమ్మాయి పారితోషికంలో కోయలేదు. మొదట్లో ఒకరిద్దరు గొణిగారు, సెట్టు మోసే ఆటోకి ఇస్తున్నాం కదా అని అడిగితే ఊరుకున్నారు.

రెండోది, పరిషత్తు వాళ్లకు అంగీకార పత్రం పంపేటప్పుడే రెండు సంగతులు రాయండి. పసిబిడ్డ ఉంది కాబట్టి మొదటి ప్రదర్శన మాకివ్వండి అని, తలుపు వేసుకోగలిగే గది ఒకటి కావాలని. అక్కడికి వెళ్లాక మైకు ముందు నిలబడి ఉన్న కార్యదర్శిని అడిగితే ఆయనా ఏమీ చేయలేడు, ముందే రాస్తే చాలామంది ఇస్తారు. మేం ఏడు చోట్ల రాస్తే ఐదు చోట్ల మొదటి వంతు ఇచ్చారు. ఇవ్వని రెండు చోట్లా ఆవిడ బాబును లాడ్జిలోనే ఉంచుకుంది, ప్రదర్శనకి అరగంట ముందు అమ్మాయి ఆటోలో వెళ్లి పాలిచ్చి వచ్చింది.

ఈ మాటలు మీ డైరెక్టర్ గారితో మీరు కాదు, మీ ఆయన మాట్లాడాలి. లైటింగ్ మనిషి అడిగితే అది టీము పనిగా కనిపిస్తుంది. తల్లి అడిగితే ఆమె సొంత ఇబ్బంది అనుకుంటారు. అలా అనుకోవడం తప్పే, కానీ అనుకుంటారు, నేనూ అనుకున్నవాణ్ణే.


పాప వాళ్ళమ్మ

అందరూ ఇంత ఓపిగ్గా రాశారు, చాలా థాంక్స్. డైరెక్టర్ గారూ, మీరు రాసింది మా ఆయనకి చూపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆయనే ఫోన్ చేశారు, నేను పక్కనే ఉన్నాను. మా డైరెక్టర్ గారు వెంటనే ఒప్పుకోలేదు, ఇప్పటికే వ్యాను ఖర్చు పెరిగిందన్నారు. మనిషికి భోజనం, సీటు టీము ఇచ్చేట్టు, ప్రదర్శనకు ఇచ్చే డబ్బు సగం మేం పెట్టుకునేట్టు మాట అయింది. పూర్తి న్యాయం కాదని తెలుసు, ఈ సీజన్‌కి ఒప్పుకున్నాం. మా పిన్ని కూతురు డిగ్రీ అయిపోయి ఇంట్లోనే ఉంది, తను వస్తానంది. రేపటి నుంచి మా ఇంటికి వచ్చి ఉగ్గుగిన్నెతో పట్టడం మొదలుపెడుతుంది. తొమ్మిది ఊళ్లలో నాలుగు చోట్ల రాత్రి అక్కడే ఉండి పొద్దున బయల్దేరాలనుకున్నాం. రెండు ఊళ్లు మరీ దూరం, ఒకదాని తర్వాత ఒకటి వరసగా ఉన్నాయి, ఆ రెంటికీ ఏం చేయాలో ఇంకా తేలలేదు. అవసరమైతే ఆ రెండూ నేను వెళ్లనని చెప్పాను.

శ్రీను గారూ, మీ మీద కోపం లేదు. వీలైతే మీ అక్కయ్యని ఒకసారి అడగండి, ఇప్పటికైనా కథ చెప్పాలని ఉందేమో.

ఒక్కటే మిగిలింది, అడగడానికి మొహమాటంగా ఉంది. సీను మధ్యలో పాలు వచ్చేస్తే ఏం చేయాలి? పాప గదిలో ఉన్నా, డైలాగులో "నా బిడ్డ" అన్నప్పుడల్లా వస్తున్నాయి.


సురభి మనవరాలు

మొహమాటం ఎందుకు చెల్లీ. అమ్మ పక్కనే ఉంది, చెప్తోంది రాస్తున్నాను. లేత రంగు రవిక వేయకు, ముదురు రంగులో పువ్వుల రవిక అడుగు, పాత్రకి తేడా రాదు. లోపల మెత్తటి నూలుగుడ్డ నాలుగు మడతలు, ఇప్పుడు ప్యాడ్లు కూడా దొరుకుతున్నాయి. కొంగు ఎడమ భుజం మీంచి ముందుకు తెచ్చి బొడ్లో దోపుకో, అది మొదటి సీను నుంచే పాత్ర అలవాటుగా చేసెయ్, మధ్యలో కప్పుకుంటే జనం గమనిస్తారు. ఆ డైలాగ్ దగ్గర వస్తున్నట్టు అనిపిస్తే చేతులు కట్టుకుని గుండెకు గట్టిగా అదుముకో. అమ్మమ్మ చంద్రమతి వేసినప్పుడు అలాగే నిలబడేదట.