16 ఎం.ఎం. ఫిల్ముపై ఆరు నిమిషాల చిత్రం: ఈ నెగటివ్ చాలుతుందా?

అడిగినవారు: పెంకుటిల్లు

నమస్కారం. ఇంతవరకు డిజిటల్ కెమెరాలతోనే పనిచేసిన మేము నలుగురు మిత్రులం, తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి పాత ఇంట్లో ఆరు నిమిషాల చిత్రాన్ని 16 ఎం.ఎం. ఫిల్ముపై తీయబోతున్నాము. అద్దెకు దొరికిన కెమెరా ఆరిఫ్లెక్స్ ఎస్సార్3. చేతిలో ఉన్నవి 400 అడుగుల కొడాక్ 500టి రోల్స్ మూడు. కథలో సగం మిట్టమధ్యాహ్నం వాకిట్లో, సగం దీపాలు పెట్టాక వంటింట్లో జరుగుతుంది. తీసినది అక్కడికక్కడే చూసుకునే వీలు లేకపోవడం, నెగటివ్ మధ్యలో అయిపోతుందేమోనన్న బెంగ మమ్మల్ని నిద్రపోనివ్వడం లేదు. అనుభవజ్ఞులు ఏం చెబుతారు?

జవాబు: పాత లోడరు

ముందు అడుగుల లెక్క చూసుకోండి. 16 ఎం.ఎం.లో అడుగుకు 40 ఫ్రేములు కాబట్టి, సెకనుకు 24 చొప్పున 400 అడుగులు పదకొండు నిమిషాలు వస్తాయి. మూడు రోల్స్‌కు 33 నిమిషాలు, అంటే షాటుకు ఐదు టేకులు అని సంబరపడకండి. లోడింగులోనూ, క్లాప్ కొట్టే లోపలా పోయేది తీసివేస్తే నాలుగు మిగిలితే గొప్ప. క్లాప్ పలక మీద అంకెలు రాసి, ఫ్రేములో పట్టుకుని నిలబడ్డాకే కెమెరా తిప్పమనండి. నేను 35 ఎం.ఎం. రోజులవాణ్ని. అందులో ఇదే 400 అడుగులు నాలుగున్నర నిమిషాలైనా రావు, అందుచేత రిహార్సల్స్ అన్నీ ఖాళీ కెమెరాతోనే జరిగేవి.

రెండో సంగతి చీటీలు. ఒక వేసవి ఔట్‌డోర్‌లో చేంజింగ్ బ్యాగులో (వెలుతురు చొరని నల్ల సంచిలో) చేతులు చెమటలు కారుతుండగా, హడావుడిలో డబ్బాపై చీటీ అంటించడం మరిచి, అప్పటికే షూటింగ్ అయిపోయిన రోల్‌నే మళ్లీ మ్యాగజైన్‌లోకి (కెమెరాకు తగిలించే ఫిల్ము పెట్టెలోకి) ఎక్కించాను. రష్ ప్రింట్ (తీసినది చూసుకునే తొలి ప్రింటు) వేసి చూస్తే, పెళ్లి పందిరి మీదుగా రైలు తలకిందులుగా వెనక్కి పోతోంది. ఆ రోజు తిన్న చివాట్లు ఇప్పటికీ గుర్తే. మ్యాగజైన్ నుంచి తీసిన చెయ్యే చీటీ కూడా రాయాలి, ఆ పని మరొకరికి అప్పగించకూడదు. ఒక పనికిరాని రోల్ సంపాదించి, కళ్లు మూసుకుని లోడ్ చేయడం సాధన చేయండి. నచ్చిన టేకు అయిన ప్రతిసారీ కెమెరా గేటులో (ఫిల్ముపై వెలుతురు పడే కిటికీలో) వెంట్రుక గానీ, ఫిల్ము పొట్టు గానీ ఉందేమో చూసుకున్నాకే లైట్లు కదపండి.

జవాబు: వెలుగునీడ

పై మిత్రుల మాటలకు స్టాకు గురించి ఒకటి కలుపుతాను. 500టి బల్బు వెలుతురు కోసం చేసినది. ఎండలో రంగు సరిచేసే 85 ఫిల్టరు పెడితే దాని వేగం, అంటే వెలుతురును పట్టుకునే శక్తి, 320కి తగ్గుతుంది గానీ, మిట్టమధ్యాహ్నం వాకిలికి అది కూడా మరీ ఎక్కువే, లెన్సు రంధ్రాన్ని ఎంత చిన్నది చేసినా వెలుతురు తగ్గించే ఎన్.డి. ఫిల్టరు లేకుండా గడవదు. ఒక రోల్‌ను పగటి వెలుతురు కోసం చేసిన, వేగం తక్కువ ఉన్న 50డికి మార్చుకోగలిగితే, నిండు ఎండలో 1/50 సెకనుకు లెన్సు ఎఫ్ 16 (చిన్న రంధ్రం) దగ్గర హాయిగా సరిపోతుంది. వంటింట్లో మాత్రం పిసినారితనం వద్దు. నెగటివ్ ఎక్కువ వెలుతురును ఓర్చుకున్నట్టు తక్కువ వెలుతురును ఓర్చుకోదు, నీడలు బురదగా మారి గ్రెయిన్ (ఇసుక చల్లినట్టుండే చుక్కలు) పైకి తేలుతుంది. 500ను 320గా మీటరులో పెట్టి కొలవడం నాకు అలవాటు. ట్యూబులైటు ఫ్రేములో ఉంటే షట్టరు కోణాన్ని 172.8 డిగ్రీలకు పెట్టండి, మన 50 హెర్ట్జ్ కరెంటు దగ్గర వెలుతురు కొట్టుకోకుండా ఉంటుంది.

జవాబు: ప్రయాణికుడు

ఫిల్ము డబ్బాలను విమానంలో తీసుకువెళ్లవలసి వస్తే, కొత్త సీటీ (ఎక్స్-రే) స్కానర్లలో పెట్టనివ్వకుండా, చేత్తో తనిఖీ చేయమని ముందుగానే అభ్యర్థించండి. చెక్-ఇన్ సామానులో అసలే వేయవద్దు. ఎండలో నిలిపిన కారులో వదలడం కూడా అంతే ప్రమాదం. ఫ్రిజ్ నుంచి తీసిన డబ్బాను రెండు మూడు గంటలు బయట ఉంచకుండా తెరిస్తే ఫిల్ముపై చెమ్మ పడుతుంది.

అడిగినవారు: పెంకుటిల్లు

అందరికీ కృతజ్ఞతలు. ఒక రోల్‌ను 50డికి మార్చుకుంటున్నాము. ఎన్.డి. ఫిల్టర్లు కూడా అద్దె జాబితాలో చేర్చాము. షట్టరు సంగతి మాకు తట్టనే లేదు, వంటింట్లో ఉన్నది ట్యూబులైటే. డబ్బాలకు అమ్మమ్మ తన ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన చోటు ఇచ్చింది, డబ్బా మూత మాత్రం తనే తీసి చూస్తానంటోంది. ఆమెను ఒప్పించే భారం నాపై పడింది.