ఐర్లండ్, బ్రిటన్‌లో బీఫ్ తినని కుర్రాడు ఏమేం రుచి చూడొచ్చు?

ప్రశ్న: తమ్ముడికి 20 ఏళ్లు. డబ్లిన్, బెల్‌ఫాస్ట్, ఎడిన్‌బరా, చివర్లో కార్న్‌వాల్ తిరుగుతాడు. చేపలు, మటన్, పోర్క్ అన్నీ తింటాడు, బీఫ్ ఒక్కటే తినడు. అక్కడి పాతకాలపు వంటలే తినాలని వాడి పట్టుదల. హాస్టల్లో వంటగది ఉంది. ఏం చెప్పమంటారు?

జవాబు 1: ముక్క కనిపించకపోయినా బీఫ్ కొవ్వు ఉంటుందండీ, అసలు చిక్కు అక్కడే. ఫిష్ అండ్ చిప్స్ కొన్నిచోట్ల, ముఖ్యంగా ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో, బీఫ్ డ్రిప్పింగ్‌లోనే (కరిగించిన బీఫ్ కొవ్వులో) వేయిస్తారు. ఆర్డర్ చెప్పేముందే ఏ నూనో అడగమనండి. స్కాట్లండ్‌లో ‘ఫిష్ సప్పర్’ అంటే చిప్స్‌తో కలిపి ఇచ్చే చేప, మధ్యాహ్నమైనా అదే పేరు. హాగిస్‌లో గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు, ఓట్స్ ఉంటాయి కానీ అందులో కలిపే కొవ్వు చాలాసార్లు బీఫ్‌దే. వెజిటేరియన్ హాగిస్ తీసుకోమనండి, మెత్తగా మెదిపిన స్వీడ్ దుంప, ఆలుగడ్డతోనే వడ్డిస్తారు. కలెన్ స్కింక్ మాత్రం వదలొద్దు: పొగబెట్టిన హాడాక్ చేప, ఆలుగడ్డ, ఉల్లిపాయ, పాలు. చలిలో దాన్ని మించిన సూప్ లేదు.

కార్న్‌వాల్‌లో పేస్టీ అంటే మైదా పొరలో కూరిపెట్టి కాల్చేది. ‘కార్నిష్ పేస్టీ’ అని రాసి ఉంటే లోపల బీఫే. 2011 నుంచి ఆ పేరుకు చట్టరక్షణ ఉంది, బీఫ్ లేకుండా ఆ పేరు పెట్టకూడదు. చీజ్ అండ్ ఆనియన్ పేస్టీ అడగాలి.

జవాబు 2: డబ్లిన్‌లో కాడిల్ తినమనండి. పోర్క్ సాసేజ్‌లు, బేకన్, ఆలుగడ్డ, ఉల్లిపాయ సన్నసెగ మీద ఉడికిస్తారు. సాసేజ్ ఎర్రగా వేయించరు కాబట్టి పాలిపోయినట్టు ఉంటుంది, ఉడకలేదని అనుకోవద్దు. ఐరిష్ స్ట్యూ పాత పద్ధతిలో గొర్రెమాంసంతోనే చేస్తారు. గిన్నెస్ బీరు పోసి చేసేది వేరే వంట, అది బీఫ్.

జవాబు 3: వంటగది ఉందన్నారుగా, బాక్స్‌టీ (ఐర్లండ్ ఆలుగడ్డ అట్టు) వేసుకోమనండి. పచ్చి ఆలుగడ్డ తురుము 200 గ్రాములు, ఉడికించి మెదిపింది 200, మైదా 100, వంటసోడా అర టీస్పూన్, తగినంత ఉప్పు. బటర్‌మిల్క్ 100 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, గరిటె నుంచి ముద్దగా జారేదాకా కొంచెం కొంచెం పోయాలి. తురుమును గుడ్డలో కట్టి గట్టిగా పిండాలి. ఇది తప్పితే అంతా తప్పినట్టే: నీరు మిగిలితే పైన మాడుతుంది, మధ్యలో జిగటగా పచ్చిగా ఉండిపోతుంది. వెన్న వేసి, చిన్నమంట మీద ఒక్కో వైపు 4–5 నిమిషాలు.

ప్రశ్న అడిగినవారు: బటర్‌మిల్క్ దొరక్కపోతే మామూలు పాలు పోయొచ్చా?

జవాబు 3: పాలొక్కటే పోస్తే సోడా పొంగదు, సబ్బు రుచి వస్తుంది. సోడాకు పులుపు తగలాలి. 150 మిల్లీలీటర్ల పాలలో రెండు టీస్పూన్ల నిమ్మరసం కలిపి పది నిమిషాలు ఉంచండి, పాలు విరిగినట్టు కనిపించగానే వాడుకోవచ్చు. పిండి కలిపాక ఆలస్యం చేయకుండా పెనం మీద వేసేయాలి.